అడిగితేనే ఇటుక

వైకుంఠపాళిలో స్నేహానికి పనిలేదండీ. పామో నిచ్చెనో, అంతా గవ్వల దయ. 1995లో జర్మనీలో క్లౌస్ టాయిబర్ తెచ్చిన ‘కటాన్’ అలా కాదు. ముగ్గురో నలుగురో కూర్చుని ఒక దీవిలో ఇళ్ళు కట్టాలి, బాటలు వెయ్యాలి. బాటకి కలప కార్డొకటి, ఇటుక కార్డొకటి కావాలి. ఇటుక లేదూ? బ్యాంకు మామూలుగా ఒకదానికి నాలుగు లాగేస్తుంది. అంతకంటే స్నేహితురాలిని బతిమాలుకోవడం నయం. “ఇటుకివ్వవే, ఉన్నిస్తాను!” ఆట అందమంతా ఆ బేరంలోనే ఉంది. పైగా పది పాయింట్లతో ఎవరో ఒకరు గెలిచేదాకా అందరూ ఆటలోనే ఉంటారు. ‘మోనోపలీ’లో అయితే దివాలా తీసినావిడ వంటింట్లోకెళ్ళి కాఫీ కలపాల్సిందే.

నాకు నచ్చనిది ఒకటుంది. ఇందులో నోరున్నదానిదే రాజ్యం. కాలేజీనాటి నా స్నేహితురాలొకతె పక్కింట్లో పంచదార అడగడానిక్కూడా గడపదాకా వెళ్ళి తిరిగొచ్చే రకం. బేరం చెయ్యదు, కార్డులు పోగుపడతాయి. పాచికల్లో ఏడు పడిందా, ఏడుకి మించి కార్డులున్నవాళ్ళు సగం వదులుకోవాలి. మొహమాటానికి జరిమానా! నిబంధనల్లో దీనికి మందు లేదు. అందుకే దాని వంతు రాగానే “నీకేం కావాలే?” అని మేమే అడుగుతున్నాం. మొన్న “ఇటుక” అంది, గట్టిగానే.

నేనివ్వలేదు. దానికప్పటికే తొమ్మిది పాయింట్లు.