దూడల్నెవరు కాసేరు?

కుర్రాడు ఎదిగిన కథ అనగానే పండితులు తీసి చూపించే తెలుగు నవలల్లో అడివి బాపిరాజు 'నారాయణరావు' ఒకటి. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని విశ్వనాథ 'వేయిపడగలు'తో పంచుకుంది. నాయకుడిది మా కోనసీమే, కొత్తపేట. భూములున్న బ్రాహ్మణ కుటుంబం, లా చదువు, జమీందారు ఇంటి సంబంధం. చదువుతున్నంతసేపూ నేను వెతికింది ఒకటే: ఆ భూములు దున్నిందెవరు? తెల్లారకుండా పశువుల పాకలో పేడ ఎత్తే తొమ్మిదేళ్ల కుర్రాడు ఆ పేజీల్లో నాకు తగల్లేదు.

ఆ కుర్రాడు తగిలింది మామిడికుదురులో. బోయి భీమన్న 1911లో అక్కడ పుట్టేడు. ఆయన 'పాలేరు' నవల కాదు, నాటకం. మనకి నవల ముందు ఎందుకు కుదర్లేదో కూడా ఆలోచించాలి. నవలకి అక్షరం కావాలి, తీరిక కావాలి. నాటకానికి పేట మధ్య ఒక పందిరీ, రెండు పెట్రోమాక్సు లైట్లూ చాలు. 1940ల్లో అది గోదావరి జిల్లాల్లో బాగా ఆడింది. చూసిన పాలేర్లు పని మానేసి బడికి పోయేరని ఇప్పటికీ చెప్పుకుంటారు. కామందులకి మండదూ మరి?

పాలేరు కుర్రాడు చదువుకుని పెద్ద అధికారి అవుతాడు, కథ అంతే. ఇలాంటి రచనని 'ప్రచారం' అని పక్కన పెట్టడం తేలిక. నారాయణరావుకి ఎదగడమంటే మనసు పక్వం కావడం. పాలేరుకి ఎదగడమంటే పాక దాటడం. రెంటికీ ఒకే కొలత ఎలా పెడతారు? మా తాత ఉగాదికి ఉగాదికి ధాన్యం జీతానికి ఒప్పుకునేవాడు. ఆయన అప్పు మా నాన్న మెడకి చుట్టుకుంది, ఎనిమిదేళ్లకే గొడ్లెనక పంపింది. వెట్టి రద్దు చట్టం 1976లో వచ్చింది. అది మా పేట దాకా నడిచొచ్చేసరికి ఎన్నాళ్లు పట్టిందో నాన్న వీపుకే తెలుసు.

డిగ్రీలో ఉండగా నాటకమంతా నాన్నకి చదివి వినిపించేను. ఆరిపోయిన బీడీ వెలిగించుకోకుండా విన్నాడు. చివర్న అడిగేడు:

"బానే ఉందిరా. ఆడు ఆపీసరైపోయేడు. మరి మర్నాడు ఆ దూడల్నెవరు కాసేరు?"

ఏ విమర్శకుడూ ఈ మాట అడగ్గా నేను చదవలేదు. మా ఇంట్లో దానికి జవాబుంది, మా అన్న. ఏడుతో బడి మానేసేడు. నేను కాలేజీలో చేరిన ఏడాది రొయ్యల చెరువు కాపలాకి కుదిరేడు. నా ఫీజు అక్కణ్ణించే వచ్చింది. నాటకం నిచ్చెన చూపించింది గాని, దాన్ని కింద పట్టుకున్న చేతుల్ని చూపించలేదు. ఆయన ఆత్మకథ పేరు కూడా 'పాలేరు నుంచి పద్మశ్రీ వరకు'!

అయితే ఆయన అక్కడే ఆగిపోలేదు. 'గుడిసెలు కాలిపోతున్నై'లో ఒక్కడి కథ పోయి పేటంతా వచ్చింది. దానికి 1975లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 2022 మేలో జిల్లాకి అంబేడ్కర్ పేరు వద్దని అమలాపురంలో మంటలు పెట్టినప్పుడు, అక్కడి రిజర్వుడు సీటులో గెలిచిన మంత్రి ఇల్లే తగలబడింది. నిచ్చెన పైమెట్టు మీదున్నా మంట అందుకుంది.

ఈ ఏడు బడి వార్షికోత్సవానికి 'పాలేరు'లో ఒక రంగం వేయిద్దామని పిల్లల్ని అడిగేను. కామందు వేషానికి పన్నెండు చేతులు లేచేయి. పాలేరు వేషానికి ఒక్కటీ లేవలేదు.