ఒకే చెయ్యి, రెండు పేర్లు

పొందూరు సన్నఖాదీ గురించి వికీపీడియాలో తెలుగులో రాయాలనుకున్నవారికి రెండు పనులుంటాయి. మొదటిది వ్యాసం. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వడం, ఏకులు చుట్టడం, చరఖా మీద వడకడం, చిలపలు కట్టడం, నెయ్యడం వరకు అన్నీ అందులోకి రావాలి. రెండోది వ్యాసం చుట్టూ ఉండే మాటలు: పైన కనిపించే మీటల పేర్లు, పేజీ భద్రపరిచేటప్పుడు వచ్చే హెచ్చరికలు, వెతికినది దొరకనప్పుడు చెప్పే జవాబు. వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌లో ఉండే ఈ మాటలను ట్రాన్స్‌లేట్‌వికీ అనే వేరే సైటులో అనువదిస్తారు. అంటే రెండు పనులకు రెండు ఖాతాలు కావాలి. ఒకదాని నుంచి ఇంకోదానికి మారడం మొదట్లో చిరాకనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే అందులో మంచి పనితనం ఉంది.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. వికీపీడియాతో సహా వికీమీడియా సైటులన్నిటికీ ఒకే ఖాతా చెల్లే ఏర్పాటు 2015లో పూర్తయింది. తెలుగు వికీసోర్సుకు వెళ్లినా, విక్షనరీకి వెళ్లినా, బొమ్మల కోసం కామన్స్‌కు వెళ్లినా అదే పేరు వెంట వస్తుంది. ఫిన్లాండుకు చెందిన నిక్లాస్ లాక్స్‌ట్రోమ్ మొదలుపెట్టిన ట్రాన్స్‌లేట్‌వికీ మాత్రం ఈ ఏర్పాటు బయటే ఉంది. మీడియావికీతో పాటు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ లాంటి ఇతర స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ల మాటలు కూడా అక్కడే అనువాదమవుతాయి. కొత్తగా చేరినవారు ముందు కొన్ని సందేశాలను పరీక్షగా అనువదించి చూపాలి. నిర్వాహకులు చూసి సరేనన్నాకే అసలు పని చేతికొస్తుంది. ఈ జాగ్రత్తకు కారణముంది. వ్యాసంలో దొర్లిన తప్పు ఆ ఒక్క పేజీలోనే ఉంటుంది. మీట మీద దొర్లిన తప్పు తెలుగులో చూసేవారికి ప్రతి పేజీలోనూ కనిపిస్తుంది.

లోపలికి వెళ్తే పనిబల్ల ముచ్చటగా ఉంటుంది. పైన మూల సందేశం, కింద మనం రాసే పెట్టె, పక్కన ఆ సందేశం ఎక్కడ, ఎప్పుడు కనిపిస్తుందో చెప్పే వివరణ, ఇతర భాషలవారు దాన్ని ఎలా చెప్పారో చూసుకునే వీలు. సందేశంలో అంకె వచ్చి కూర్చోవలసిన చోట ఒక గుర్తు ఉంటుంది. అది జారిపోతే సాఫ్ట్‌వేర్ వెంటనే హెచ్చరిస్తుంది. ఒక మార్పుకు ఏకవచనం, పది మార్పులకు బహువచనం విడివిడిగా రాసుకోవచ్చు. మూలంలో మాట మారితే తెలుగు అనువాదం కనుమరుగవదు. పాతబడిందన్న గుర్తుతో మళ్లీ మన ముందుకొస్తుంది.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది సమీక్ష పద్ధతి. ఒకరు చేసిన అనువాదాన్ని మరొకరు చదివి ఆమోదించవచ్చు. ఎవరి అనువాదాన్ని వారే ఆమోదించుకోబోతే మాత్రం సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. రెండో మనిషి కళ్లు పడాలన్న నియమాన్ని యంత్రంలోనే బిగించారు. అయితే యంత్రానికి తెలిసేది ఖాతా, మనిషి కాదు. ఒకే మనిషి రెండు పేర్లతో వచ్చి ఒక పేరుతో రాసి, ఇంకో పేరుతో ఆమోదిస్తే దానికి తెలియదు. అందుకే ఖాతా మారడమనే చిన్న పని వెనక పెద్ద మర్యాద ఉంది.

ఆ మర్యాదను వికీపీడియా చక్కగా పాటిస్తుంది. రెండో ఖాతా ఉండటం అక్కడ తప్పు కాదు. వందల పేజీల్లో ఒకే రకం దిద్దుబాట్లు చేసే బాట్ అనే ప్రోగ్రాముకు వేరే ఖాతా ఉంటుంది. వికీమీడియా ఫౌండేషన్ ఉద్యోగులు సంస్థ పని మీద చేసే మార్పులకు సంస్థ గుర్తు చేర్చిన పేరు వాడతారు, సొంత ఇష్టంతో రాసేవాటికి సొంత పేరు వాడతారు. రెండు పేర్లూ ఒకరివేనని సభ్యుని పేజీలో చెప్పడం, రెండిటితో ఒకే చర్చలో ఓటు వేయకపోవడం ఆనవాయితీ.

అనువాద సాఫ్ట్‌వేర్ వెబ్లేట్‌లో ఇదే శ్రద్ధ ఇంకో రూపంలో కనిపిస్తుంది. చెక్ దేశస్థుడు మిహాల్ చిహార్జ్ 2012లో దీన్ని మొదలుపెట్టాడు. అనువాదాలను ఇది గిట్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే భాండాగారంలోకి చేరుస్తుంది. ప్రతి వాక్యాన్నీ అప్పటికప్పుడు పంపకుండా, ఒకే అనువాదకుడు వరసగా చేసిన మార్పులను వీలైనంతవరకు ఒక కట్టగా కడుతుంది. ఈలోగా ఒకరు మార్చిన వాక్యాన్నే మరొకరు మారిస్తే, ముందు మొదటివారి కట్టను వారి పేరుతో భద్రపరిచి, తర్వాతే రెండోవారి మార్పును అందుకుంటుంది. రాసినవారి పేరొకచోట, దాన్ని లోపలికి చేర్చిన వెబ్లేట్ పేరు ఇంకోచోట ఉంటాయి. పొందూరు పంచె కట్టుకున్నవారికి ఆ నూలు వడికిన చెయ్యి ఎవరిదో బట్టను చూస్తే తెలియదు. ఇక్కడ ప్రతి పోగుకూ పేరుంది.

ఇక చేత్తో చేసే పని. ఒకే సైటులో రెండు ఖాతాలున్నవారికి అసలు చిక్కు బ్రౌజర్‌తోనే. మనం ఎవరమో గుర్తుపెట్టుకునే కుకీ మామూలుగా ఒక్క ఖాతానే మోస్తుంది. రెండో పేరుతో లోపలికెళ్లాలంటే మొదటి పేరుతో బయటికి రావాలి. 2017లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు వచ్చిన మల్టీ అకౌంట్ కంటెయినర్స్ అనే పొడిగింత ఈ చిక్కు విప్పింది. ప్రతి కంటెయినర్‌కూ కుకీలు విడిగా ఉంటాయి, ట్యాబు మీద దాని రంగు కనిపిస్తుంది. సొంత పనికి ఒక రంగు, అప్పగించిన పనికి ఒక రంగు పెట్టుకుంటే, భద్రపరిచే మీట నొక్కేముందు ఏ పేరుతో ఉన్నామో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఈ చిన్న సౌకర్యం ఎన్నో పొరపాట్లను ముందే ఆపుతుంది. పేజీ మార్పుల చరిత్రలో ఒక ఖాతా కింద పడ్డ మార్పును అనువాదకుడు తర్వాత ఇంకో ఖాతా కిందికి మార్చుకోలేడు కాబట్టి ఈ జాగ్రత్త విలువైనది.

ఈ సాధనాలు చేసినవారు మనిషిని నమ్మారు, నమ్మకానికి ఆధారాన్నీ అమర్చారు. ఎవరు రాశారో, ఎవరు సరిచూశారో, ఏ హోదాలో చేశారో ఎవరైనా తెరిచి చూడవచ్చు. తెలుగు తెర మీద కనిపించే ఒక మాట నచ్చకపోతే ఎవరిని అడగాలో తెలుస్తుంది, నచ్చితే ఎవరిని మెచ్చుకోవాలో తెలుస్తుంది. నా రెండో పేరు ఇదీ, ఇది ఫలానా పనికోసం అని సభ్యుని పేజీలో ఒక్క వాక్యం రాయడం మాత్రం మనకు వదిలేశారు. అనువాదానికి కూర్చునేవారు మొదట రాయవలసిన వాక్యం అదే.