డిజిటల్ సంగీతము, మెదడు: ఒక వాదముపై విమర్శ

సహజ సంగీతము మెదడుకు మేలు చేయుననియు, డిజిటల్ సంగీతము దానిని అలయింపజేయుననియు ఒక మాట తరచు వినబడుచున్నది. సంగీతాభిమానులే కాక, విజ్ఞానశాస్త్రము చదివినవారు కూడ కొందరు దీనిని నమ్ముచున్నారు. ఈ వాదమునకు రెండు ఆధారములు చూపుదురు. మొదటిది కేవలము పొరపాటు. రెండవది మాత్రము ఆలోచింపదగినది.

మొదటి ఆధారము ఇది. గాయకుని కంఠమునుండి వెలువడు ధ్వని తెంపులేని తరంగము. సి.డి.లో దానిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతను 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టుకు సరిపెట్టి, అంకెలుగా నిలువచేయుదురు. కనుక కొలతకు కొలతకు నడుమనున్న సంగీతము పోయినదనియు, ఆ ఖాళీలను పూరించుటకు మెదడు శ్రమపడుననియు వీరందురు. గ్రాఫు కాగితముపై మెట్లుమెట్లుగా గీసిన బొమ్మను చూచినవారికి ఇది నిజమే అనిపించును. కాని ఆ మెట్లు చెవివరకు రానేరావు. తరంగములోని మిక్కిలి హెచ్చు పౌనఃపున్యమునకు రెట్టింపు కంటె ఎక్కువసార్లు కొలతలు తీసినచో, వానినుండి తరంగమును తిరిగి నిర్మింపవచ్చునని 1949లో క్లాడ్ షానన్ నిరూపించి ప్రకటించెను. మనిషి చెవికి వినబడునది సెకనుకు 20 మొదలు 20,000 కంపనముల వరకే. సి.డి. కొలతల సంఖ్య దానికి రెట్టింపును దాటియే యున్నది. యంత్రములోని వడపోత ఆ అంకెలనుండి నునుపైన తరంగమునే స్పీకరుకు పంపును. మెట్లవలన మిగులు దోషము సన్నని రొద మాత్రమే. గ్రామఫోను రికార్డుపై ముల్లు చేయు రొదకంటె అది చాల తక్కువ.

అదియును గాక, తెంపులేని ధ్వని తెంపులేకయే మెదడు చేరుననుట సరికాదు. లోపలిచెవిలోని కర్ణావర్తమున సుమారు 3,500 రోమకణములు తరంగమును నాడీ ప్రచోదనములుగా మార్చును. ప్రచోదనము కలుగును, లేదా కలుగదు. సగము ప్రచోదనమనునది లేదు. త్యాగరాజకృతిని ఎదుట కూర్చుండి విన్నను, ఫోనులో విన్నను, శ్రవణనాడిలోని సుమారు 30,000 తంతువుల గుండ పోవునది ఇట్టి తునకల వరుసయే.

రెండవ ఆధారము జపాను నుండి వచ్చినది. త్సుతోము ఓహాషి, ఆయన సహచరులు 2000లో ఒక శాస్త్రపత్రికలో తమ ప్రయోగమును ప్రకటించిరి. ఓహాషి స్వయముగా సంగీతజ్ఞుడు. 1988లో వచ్చిన 'అకీరా' చలనచిత్రమునకు వేరొక పేర సంగీతము కూర్చినది ఈయనయే. బాలిద్వీపపు గామెలాన్ అను కంచు వాద్యముల గోష్ఠిలో చెవికందని హెచ్చు కంపనములు పుష్కలముగా నుండును. వానితో కూడిన సంగీతము విన్నప్పుడు మెదడులో ఆల్ఫా తరంగములు హెచ్చెననియు, మస్తిష్కకాండమునకును థాలమసుకును రక్తప్రసారము పెరిగెననియు వారు చూపిరి. ఆ అతిధ్వనులను విడిగా వినిపింపగా ఈ మార్పు లేదట. సి.డి.లో 22,050కి పైబడిన కంపనములకు చోటులేదు గనుక, డిజిటల్ సంగీతము మెదడుకు పనికిరాదని వాదులు తేల్చిరి.

ఈ ఫలితమును తేలికగా త్రోసివేయరాదు. ఒకే స్పీకరు అతిధ్వనులను, సాధారణ ధ్వనులను కలిపి పలికినచో, వాని ఘర్షణచే వినబడు కొత్తధ్వనులు పుట్టి పరీక్షను తప్పుదారి పట్టించునని విమర్శకు లందురు. కాని ఓహాషి రెండింటికిని వేర్వేరు స్పీకర్లు వాడెను. అసలు లోపము మరియొకచోట నున్నది. పరీక్షలో పాల్గొన్నవారు కొద్దిమంది. ఆల్ఫా తరంగములు కన్నులు మూసి ఊరక కూర్చున్నను హెచ్చును. కావున వాని పెరుగుదలను మేలునకు గుర్తుగా తీసికొనరాదు. ఇంతకంటె ముఖ్యమైన దొకటి కలదు: వారు 'సంపూర్ణ' సంగీతముగా వినిపించినది కూడ డిజిటల్ యంత్రముపై నమోదైనదే! సెకనుకు 19,20,000 సార్లు కొలిచిన ధ్వని యది. అనగా ఆ ప్రయోగము నిజమైనను, అది తప్పుపట్టునది అంకెలను కాదు, సి.డి. విధించుకొన్న హద్దును మాత్రమే.

ఆ హద్దు చెవికి తెలియునా? 2007లో మేయర్, మోరన్ అను అమెరికనులు హెచ్చు నాణ్యతగల సంగీతమును నేరుగా ఒకసారి, సి.డి. ప్రమాణమునకు కుదించి ఒకసారి వినిపించి, ఏది ఏదో చెప్పుమనిరి. 554 పరీక్షలలో సరియైన సమాధానములు 276. బొమ్మాబొరుసు వేసినను ఇంతే వచ్చును. 2016లో జాషువా రైస్ 18 పరిశోధనలను కలిపి లెక్కింపగా నూటికి 52.3 వచ్చినది. భేద మున్నదనుకొన్నను, అది అంత సన్ననిది.

సజీవ సంగీతమునకు ప్రత్యేకత లేదని దీనికి అర్థము కాదు. 2024లో జూరిచ్ పరిశోధకులు ప్రకటించిన ప్రయోగములో, వినువారి మెదడులోని అమిగ్డలా చలనమును చూచుచు పియానో వాద్యకారుడు తన వాదనమును అప్పటికప్పుడు మార్చుకొనెను. రికార్డు విన్నప్పటికంటె అప్పుడు ఆ భాగము హెచ్చుగా స్పందించినది. శ్రోతలు ఎమ్.ఆర్.ఐ. యంత్రములో పరుండియుండిరి, ఆ సజీవ సంగీతమును వారు ఎలక్ట్రానిక్ పరికరముల ద్వారానే వినిరి. కచేరీలో రసికుని తలయూపు చూచి విద్వాంసుడు నెరవును పెంచుట మన మెరిగినదే. లోటు అంకెలలో లేదు, ఎదుట మనిషి లేకపోవుటలో నున్నది.

ఈ వాదముల సందడిలో నిజమైన హాని మరుగున పడుచున్నది. చెవిలో పెట్టుకొను గొట్టములద్వారా 80 డెసిబెల్ ధ్వనిని వారమునకు 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన. 90 డెసిబెల్ అయినచో 4 గంటలే. చచ్చిన రోమకణము మనిషిలో మరల పుట్టదు. విద్యార్థికి ముందుగా చెప్పవలసినది ఇది.

వాదమును పరీక్షింపదలచిన ఉపాధ్యాయులు తరగతిలోనే చేయవచ్చును. ఒకే పాటను సి.డి. ప్రమాణమునను, అంతకు హెచ్చు ప్రమాణమునను సిద్ధము చేసి, ధ్వనితీవ్రతను సమానము చేయవలెను. బిగ్గరగా వినబడునది మంచిదనిపించుట చెవికి సహజము. బొమ్మాబొరుసు వేసి వరుస నిర్ణయించి, ఆ వరుస వినిపించువానికి తప్ప తెలియనీయక, అతనిని తెరవెనుక నుంచి ఇరువదిసార్లు వినిపింపవలెను. ఊహించి చెప్పువాడు 15 లేక అంతకు మించి సరిగా చెప్పుట నూటికి రెండుసార్లు మాత్రమే జరుగును. పదియో పదకొండో వచ్చినవానికి భేదము తెలిసినదనుటకు వీలులేదు.