వెలుగని స్లైడు

ప్రయోగశాలలలో చేతిపని యని చెప్పదగిన విద్యలు నానాటికి యంత్రముల పాలగుచున్న ఈ కాలమునను, ప్రతిదీప్తినిచ్చు రంగును తగిలించిన ప్రతిరక్షకముతో కణములోని ఒకానొక ప్రోటీనును వెదకి పట్టుకొను పని మాత్రము మనుష్యుని చేతిని, కంటిని, అంతకు మించి యతని సంశయబుద్ధిని ఆశ్రయించియే యున్నదని నాకు తోచును.

ఈ విద్యకు ఆద్యుడు హార్వర్డులోని ఆల్బర్ట్ కూన్స్. ఆయనయు సహచరులును 1941లో న్యుమోకాకస్ సూక్ష్మజీవులను పట్టు ప్రతిరక్షకములకు మొదట తగిలించినది నీలికాంతి నిచ్చు రంగు. అయితే కణజాలము తనంత తాను వెదజల్లు నీలివెలుగులో ఆ కాంతి కలిసిపోవుచుండుటచే, మరుసటి యేడు ఫ్లోరెసీన్ యను పచ్చని రంగును చేపట్టిరి. అనగా ఈ కళ పుట్టిననాడే, మనము పెట్టిన వెలుగేది, కణము తెచ్చుకొన్న వెలుగేది యను వ్యాజ్యము కూడ పుట్టినది. అది నేటికిని తీరలేదు.

నాకు చిరపరిచితమైన లక్ష్యము ఏటీజీ4బి యను ఎంజైము. ఆహారము కరవైనపుడు కణము తన భాగములను తానే పొరలో చుట్టి జీర్ణించుకొను ఆటోఫేజీ ప్రక్రియకు మూలమైన జన్యువులను, యొషినొరి ఒసుమి 1990ల తొలినాళ్లలో ఈస్టునందు గుర్తించి, 2016లో నోబెల్ బహుమానమందుకొన్న సంగతి పాఠకు లెరుగుదురు. ఆ జన్యువులలో నాలుగవదాని ఫలమగు ఎంజైమునకు మానవకణములో ఏ, బి, సి, డి యని నలుగురు తోబుట్టువులు. ఎల్‌సీ3 యను ప్రోటీను కొసను కోసి, దానిని పొరకు అతుకుటకు సిద్ధపరచునదియు, పని ముగిసిన పిమ్మట ఆ అతుకును విడదీయునదియు వీరిలో ముఖ్యముగా ఏటీజీ4బియే.

ఇంత పని చేయు ఎంజైము కాంతిబిందువులై మెరయునని క్రొత్తగా వచ్చిన విద్యార్థి ఆశించును. అది యట్లుండదు, సైటోప్లాజమంతటను పలుచని మంచువలె పరచుకొని యుండును. బిందువులు కావలెనన్న ఎల్‌సీ3నే వెదకవలెను. నిరాశ చెందిన విద్యార్థి ఎక్స్‌పోజరు పెంచును; పెంచగా పెంచగా బిందువులు కానవచ్చును. అవి యేమి? సీసాలో గడ్డకట్టిన ప్రతిరక్షకపు నలుసులు కావచ్చును (వాడుటకు ముందు సెంట్రిఫ్యూజిలో ఒకమారు త్రిప్పినచో అవి అడుగుకు దిగును, కాని తొందరలో ఎవ్వరును త్రిప్పరు). ముదిసిన కణములలో పేరుకొన్న లిపోఫ్యూసిన్ కావచ్చును. ఫార్మాల్డిహైడు చేతనే పుట్టిన పచ్చదనమును కావచ్చును. రంగు నేరుగా తగిలించిన ప్రతిరక్షకమునకు రెండవ ప్రతిరక్షకపు అవసరము లేదు గాని, అది యిచ్చు బలమును లేదు; వెలుగు మందముగా నుండుటచే ఇతరకాంతులు దానిని సులభముగా కప్పివేయును. బలము కొరకై రంగు అణువులను మితిమీరి తగిలించిన, అవి యొకదాని కాంతి నొకటి అణచుకొనును.

కావున ఈ పనిలో నేను మొదట చూడగోరునది వెలుగు స్లైడు కాదు, వెలుగని స్లైడు. ఏటీజీ4బి జన్యువును తొలగించిన కణములను ప్రక్కనే పరచి, అదే గాఢతలో, అంతే సేపు, అదే ఎక్స్‌పోజరున చూడవలెను. అక్కడను పచ్చగా మెరసినచో, మన ప్రతిరక్షకము తోబుట్టువులలో మరొకదానిని పట్టుకొన్నదో, ఊరక అంటుకొన్నదో, లేక అది కణపు సొంతకాంతియో అనుకొనవలెను. రంగు వేయని కణములు ఈ మూడవ సందేహమును తీర్చును. అమ్మువారి కాగితముపై అందమైన చిత్రమున్నంత మాత్రమున ఈ శ్రమ తప్పదు.

ఇంత చేసియు తెలిసినది ఎంజైము ఉనికియే. ఆక్సీకరణము చేతను, ఫాస్ఫేటు చేరుట చేతను దాని కోతశక్తి తగ్గవచ్చును. అది కోయుచున్నదా లేదా యన్నది వేరొక పరీక్షకు వదలవలసిన ప్రశ్న. పచ్చని చిత్రమొకటి చూపి ఆటోఫేజీ పెరిగినదని వ్రాయు వ్యాసములను నేను నమ్మను.

పరిశోధకులైన యువపాఠకులకు నా మనవి యొక్కటి: మీ వ్యాసములో వెలుగు చిత్రము ప్రక్కన, అదే ఎక్స్‌పోజరున తీసిన జన్యురహితకణముల చిత్రమును కూడ అచ్చువేయింపుడు, పత్రికలో చోటు చాలదన్నచో అనుబంధమునందైనను చేర్పుడు.