ఊదను పట్టించే ఆకు మెడ

వరి పొలంలో పెరిగే గడ్డిజాతి కలుపుల్లో రైతును ఎక్కువగా ఏమార్చేది ఊద. నారుమడిలో వరితో పాటే మొలిచి, నారు కట్టలో కలిసి నాట్లతోనే పొలంలో దిగుతుంది. కంకి వేశాక ఎవరైనా గుర్తుపడతారు. కానీ అప్పటికి పైరుకు వేసిన ఎరువు తినేసి, గింజ రాల్చడానికి సిద్ధంగా ఉంటుంది. మూడు నాలుగు ఆకుల దశలోనే పోల్చుకోగలిగితేనే పని.

అందుకు చూడవలసింది ఆకు మెడ. గడ్డిజాతి ఆకు కింది భాగం కాండాన్ని చుట్టిన తొడుగు, పై భాగం విచ్చుకున్న రెక్క. ఆ రెండూ కలిసే చోట ఆకును మెల్లగా వెనక్కి వంచితే, వరిలో లోపలివైపు పలుచని పొర నిలబడి కనిపిస్తుంది. అదే లిగ్యూల్. ఎదిగిన ఆకుల్లో దాని కొన రెండుగా చీలి ఉంటుంది. దానికి ఇరుపక్కలా కొడవలిలా వంగిన, నూగు గల చిన్న చెవులుంటాయి. ఊదలో పొరా లేదు, చెవులూ లేవు. మెడ బోసిగా ఉంటుంది. వరి ముదురు ఆకుల్లో చెవులు కనిపించకపోవచ్చు కాబట్టి లేత ఆకునే పరీక్షించాలి. ఊద ఆకు నడి ఈనె తెల్లగా తేటపడుతుంది, మొదలు తరచు ఎర్రబారుతుంది. అయితే రంగు అన్ని మొక్కల్లో ఒకేలా ఉండదు. మెడ చెప్పిందే నమ్మదగింది.

ఈ గురుతు చేతులెత్తేసేది కలుపు వరి దగ్గర. అదీ వరే కనుక పొర, చెవులు రెండూ ఉంటాయి. చాలా రకాల్లో గింజ ముందుగా రాలుతుంది, బియ్యం పొర ఎర్రగా ఉంటుంది. పైరు ఎదిగాక గానీ అది దొరకదు.

తుంగను గడ్డి అనడం అలవాటే గానీ అది గడ్డిజాతి కాదు. కాండాన్ని వేళ్ల మధ్య తిప్పితే మూడు అంచులు తగులుతాయి. లోపల గట్టిగా నిండి ఉంటుంది, కణుపులు ఉండవు. గడ్డి కాండానికి కణుపులుంటాయి, ఆకులు రెండు వరుసల్లో వస్తాయి. తుంగకు మూడు వరుసల్లో. ఈ తేడా ఖర్చుతో ముడిపడినది. ఊదను చంపే కలుపుమందు సైహలోఫాప్ బ్యుటైల్ తుంగను ఏమీ చేయదు. పైగా తుంగకు నేలలో గొలుసుగా దుంపలుంటాయి. పైమొక్కను పీకితే అవి మళ్లీ మొలుస్తాయి.

మెట్ట చేలలో, గట్ల మీద వేళ్లలా విచ్చుకున్న కంకులు గల గడ్డులు కలగాపులగంగా కనిపిస్తాయి. వినాయకుడి పూజకు కోసుకొచ్చే గరికకు ఒకే చోటు నుంచి మూడు మొదలు ఆరు దాకా సన్నని కంకులు విచ్చుకుంటాయి. మెడ దగ్గర పొరకు బదులు తెల్లని నూగు వరుస ఉంటుంది. నేల మీద పాకే తీగ, నేలలోపలి కాండం రెండూ ఉన్నందున, దున్నినప్పుడు తెగిన ముక్కలు వేరే మొక్కలవుతాయి. రాగికి దగ్గరి చుట్టమైన మరో గడ్డికి కంకులు మందంగా ఉంటాయి. తరచు ఒక కంకి మిగతావాటికి కాస్త దిగువన విడిగా పుడుతుంది. దాని మొదలు చదునుగా, తెల్లగా ఉండి పీకడానికి చేయి నొప్పెడుతుంది. ఇసుక నేలల్లో కనిపించే ఇంకో గడ్డికి కంకులు పొట్టిగా ఉండి, ఒక్కోదాని చివర గింజలు లేని సూదిమొన పొడుచుకొస్తుంది.