తాత చూపే కొండగుర్తు

తల్లీతండ్రీ పోయిన ఐదేళ్ల పిల్లవాణ్ణి చెరోకీ ఆదివాసీ తెగకు చెందిన తాత, మామ్మ కొండల్లో పెంచి పెద్దచేసిన కథ 'ది ఎడ్యుకేషన్ ఆఫ్ లిటిల్ ట్రీ'. 1976లో అమెరికాలో ఆత్మకథగా వచ్చింది, లక్షల మంది చదివి కన్నీళ్లు పెట్టుకున్నారు. రాసినవాడి అసలు పేరు ఆసా కార్టర్. అతను తెల్లజాతి దురహంకార ముఠా అయిన కు క్లక్స్ క్లాన్ మనిషి, జాతి విభజన కోసం గొంతు చించుకున్న గవర్నర్ జార్జ్ వాలెస్‌కు ప్రసంగాలు రాసినవాడు. 1991లో డాన్ కార్టర్ అనే చరిత్రకారుడు ఈ సంగతి పత్రికకెక్కించాడు. ఆ పుస్తకంలోని మాటలూ ఆచారాలూ తమవి కావని చెరోకీలు చెప్పారు. అంతమంది ఎలా నమ్మారు? ముసలివాళ్ల నోట ఏ మాట పెట్టినా జ్ఞానంలాగే వినిపిస్తుంది కనుక. తాతలు మనవలకు నేర్పే విద్యకు విలువ కట్టాలంటే ముందు ఆ మైకం వదిలించుకోవాలి. పరీక్షకు నిలిచే పనితనం అందులో ఎంత ఉందో చూడాలి. శ్రీకాకుళం జిల్లా భావనపాడు తీరంలో ఆ పనితనం ఉందని నా వాదన.

శ్రీకాకుళం, విజయనగరం తీరంలో తాతల దగ్గర పెరిగే పిల్లలకు కొదవలేదు. సరైన జెట్టీ లేక, వేట గిట్టక ఇక్కడి మగవాళ్లు గుజరాత్‌లోని వీరావల్ దాకా పోయి పరాయి బోట్ల మీద నెలల తరబడి కూలి చేస్తారు. 2018 చివర్లో అలా వెళ్లిన మనవాళ్లను పాకిస్తాన్ పట్టుకుంది. వాళ్లలో ఇరవై మంది 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. తండ్రి ఊళ్లో ఉండడు. ఉన్నా, పెద్ద బోటు మీద అతను చేసేది మరొకరు చెప్పిన చోట వల వేయడమే. కాబట్టి సొంత సముద్రం గురించి పిల్లవాడికి చెప్పగలిగింది తాతే.

ఆ చదువులో మొదటి పాఠం కొండగుర్తు. నీటి మీద గీతలుండవు. తాత ఒడ్డు వైపు తిరిగి, దగ్గరి తాటిచెట్టునో గుడినో వెనకాలి కొండకొమ్ముతో కలిపి చూపిస్తాడు. రెండూ ఒకే వరుసలోకి వచ్చాయంటే తెప్ప ఒక గీత మీద ఉన్నట్టు. మరో పక్క ఇంకో జంట కుదిరితే రెండో గీత. ఆ రెండూ కోసుకున్న చోటే కావలసిన చోటు. తెప్ప కాస్త పక్కకు జరిగినా చెట్టు కొండను విడిచిపోతుంది, అంటే తప్పు వెంటనే తెలిసిపోతుంది. లోపలికి పోయేకొద్దీ చెట్లు మునిగి కొండలే మిగులుతాయి. అప్పుడు కొండ ఎంత మునిగిందన్నదే దూరానికి కొలత. ఇక్కడ తూర్పు కనుమలు తీరానికి దగ్గరగా వస్తాయి. ఉత్తరాన 1501 మీటర్ల మహేంద్రగిరి ఉంది. గాలి తేటగా ఉన్న రోజున అది నూరు కిలోమీటర్ల అవతలికీ కనిపించాలి. సర్వే శాఖవాళ్లు పరికరాలతో చేసే పనికీ దీనికీ సూత్రం ఒక్కటే. తరవాత లోతు. బరువు కట్టిన తాడు దించి బారల్లో లెక్క చూస్తారు, బరువుకు అంటినది ఒండ్రా ఇసుకా అని తడిమి చూస్తారు. ఆ పైన నీటి రంగు, పక్షులు వాలే తీరు, చంద్రుణ్ణిబట్టి పోటూ పాటూ. మామ్మ నేర్పేదీ తక్కువది కాదు. కవ్వళ్లు, మెత్తళ్లు వంటి చేపలకు ఎంత ఎండ తగలాలో, మబ్బు పట్టిన రోజు ఉప్పు ఎంత పెంచాలో చేతికి తెలియాలి. తప్పితే సరుకంతా పురుగు పాలు.

జీపీఎస్ వచ్చాక ఇదంతా దేనికని అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే, పొగమంచులోనూ రాత్రివేళా జీపీఎస్‌దే పైచేయి కూడా. అయితే అందులో దాచుకున్న చోట్లను ముందు ఎవరో కనిపెట్టి ఉండాలి కదా! హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఉపగ్రహాలతో నీటి ఉష్ణోగ్రత, పత్రహరితం గమనించి చేపలు దొరికే ప్రాంతాలు చెబుతోంది. తాత నీటి రంగులో వెతికే ఆనవాలు కూడా చాలావరకు ఆ పత్రహరితమే. ఒకటి విశాలంగా చూస్తుంది, రెండోది ఊరి ముందున్న నీటిని చూస్తుంది. తుపాను విషయంలో మాత్రం తాత అంచనా కంటే వాతావరణ శాఖ మాటే వినాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ ఈ జిల్లాను తాకిన తీరు తెలిసినవాళ్లెవరూ దీన్ని కాదనరు. ఇంతకన్నా బరువైన అభ్యంతరం పిల్లల చదువు. బడి మాన్పించి వేటకు పంపడాన్ని నేను సమర్థించను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం, వేసవి సెలవులూ చాలావరకు అప్పుడే. కొండగుర్తులు గీయడానికి, తాడు మీద బారలు లెక్కించడానికి, వల అల్లడానికి ఒడ్డు చాలు. ఆడపిల్లలను తెప్ప ఎక్కనివ్వకపోవడం ఈ సంప్రదాయంలో ఉన్న లోపం. ఒడ్డు మీద నేర్పేటప్పుడు ఆ అడ్డు పెట్టడానికి కారణమే లేదు.

ఇప్పుడిక తొందర కూడా వచ్చిపడింది. భావనపాడు పేరుతో మొదలైన ఓడరేవుకు మూలపేట దగ్గర 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. మన తూర్పు తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికే ఎక్కువగా కదులుతుంది. అడ్డుగోడ కడితే దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోతపడుతుంది. విశాఖలో జరిగింది అదే, అక్కడ తవ్విన ఇసుకను తెచ్చి బీచ్‌లో పోయవలసి వస్తోంది. ఇక్కడ రేపు ఎంత మారిందో కొలవాలంటే నిన్న ఏ చోట ఎన్ని బారల లోతుందో, అడుగున ఒండ్రుందో ఇసుకుందో తెలియాలి. ఆ వివరాలు చోటు చోటుకూ ఈ తాతల దగ్గరున్నాయి. బడిలో మాస్టారు పటం గీయించి, మనవలచేత వాటిని రాయిస్తే, రేవు సర్వే చేసేవాళ్లు తమ లెక్కల పక్కన పెట్టి సరిచూసుకోవచ్చు. తప్పులుంటే అక్కడే తేలుతాయి.