మా తాత ఇట్ల చెప్పలే సార్

పోయిన దసరా సెలవులకు ముందు కుమ్రం భీము మీద ఒక పాడ్‌కాస్ట్‌ను తొమ్మిదో తరగతిలో వినిపించాను. సెల్లుకు చిన్న స్పీకర్ తగిలించి, తలుపు దగ్గరికేసి పెట్టాను. పద్దెనిమిది నిమిషాలు పిల్లలు కదలలేదు. పాఠం బాగా కుదిరిందనుకున్నాను. అయిపోయాక ఏం అర్థమైందని అడిగితే ఎవరూ లేవలేదు. చివరికి వెనక బెంచీలోని ఒక అమ్మాయి మెల్లగా అంది: “ఆ సార్ గొంతు మంచిగుంది. కానీ మా తాత ఇట్ల చెప్పలే సార్.”

ఆ మాట విన్నాక ఆ పాడ్‌కాస్ట్‌ను మళ్లీ రెండుసార్లు విన్నాను. తయారీలో వంక పెట్టడానికి లేదు. గొంతు స్పష్టంగా ఉంది, తేదీలు సరిగానే ఉన్నాయి. లోపం వేరేచోట ఉంది. పద్దెనిమిది నిమిషాల్లో ఒక్క గోండి మాట లేదు. జోడేఘాట్ మనిషి గొంతు ఒక్కటీ లేదు. వెనక మోగింది సినిమా డప్పు, మన డోలు కాదు. మనల్ని రెండు మూడు చోట్ల ‘అమాయక గిరిజనులు’ అన్నారు. నిజాం సర్కారుకు ఎదురు నిలిచి 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలిచ్చినవాళ్లు అమాయకులెట్లా అవుతారు?

ఇంకో సంగతి. మన పిల్లలకు తెలుగు రెండో భాష. పుస్తకంలో అర్థం కాని వాక్యం దగ్గర పిల్లవాడు ఆగుతాడు, వెనక్కి పోతాడు. టీచరైతే పిల్లల ముఖాలు చూసి మాట మారుస్తాడు. పాడ్‌కాస్ట్ ఎవరి ముఖమూ చూడదు. అందుకే ఆ రోజు క్లాసులోని నిశ్శబ్దాన్ని నేను శ్రద్ధ అనుకుని మోసపోయాను.

అంటే పాడ్‌కాస్ట్ వద్దనడం లేదు. వినడం మనకు కొత్త కాదు. పర్ధాన్ కిక్రి వాయిస్తూ కథ చెబుతుంటే రాత్రంతా విన్న జాతి మనది. అక్కడ పక్కనున్నవాళ్లు పాట అందుకుంటారు, తెలియనివాళ్లు అడుగుతారు, తెలిసినవాళ్లు చెబుతారు. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర కూడా ఇట్లాంటిదే. మామూలు ఫోనుతో గోండిలో తమ ఊరి సంగతి చెప్పుకోవచ్చు, ఇంకో ఊరివాళ్లు చెప్పింది వినవచ్చు. వినేవాడికే మాట్లాడే హక్కు కూడా ఉంది. మన క్లాసుల్లోకి వస్తున్న ఆడియో పాఠాల్లో లేనిది ఇదే.

భీము పోరాటం తరువాతే నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను మన దగ్గరికి పంపింది. 1940లలో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ ఇచ్చారు, గోండి వాచకాలు చేశారు. ఉమ్మడి రాష్ట్రంలో 2003 తరువాత గోండి, కొలామి, కోయ, సవర లాంటి ఎనిమిది భాషల్లో పుస్తకాలు వచ్చాయి గానీ, అవి చిన్న తరగతులతోనే ఆగిపోయాయి. హైస్కూలుకు వచ్చేసరికి పిల్ల తన భాషను గేటు బయట వదిలి రావలసిందే. పాడ్‌కాస్ట్ ఆ గేటు కొంచెం తెరవగలదు. కానీ గోండిలో మాట్లాడేది పిల్లలైనప్పుడే.

అందుకని సెలవులకు పోయేటప్పుడు పిల్లలకు ఒకే పని ఇచ్చాను: ఇంట్లో పెద్దవాళ్లను భీము గురించి అడిగి, మూడు నిమిషాలు రికార్డు చేసుకుని రమ్మన్నాను. ఏడుగురు తెచ్చారు. ఒక అవ్వ భీము పేరే ఎత్తలేదు. పశువులు మేపితే పన్ను, కట్టెలు కొడితే పన్ను అని తన తల్లి చెప్పుకున్న బాధ చెప్పింది. మా పాఠ్యపుస్తకం కన్నా ఆ మూడు నిమిషాల్లోనే పోరాటానికి కారణం పిల్లలకు బాగా తెలిసింది. ఆ గోండి మాటలను తెలుగు లిపిలో రాయడానికి రెండు పీరియడ్లు కొట్లాడుకున్నారు. ఎప్పుడూ నోరు తెరవని ఆ వెనక బెంచీ అమ్మాయి, గోండి రాని లంబాడా పిల్లలకు అర్థం చెప్పింది.

ఒక అబ్బాయి మాత్రం ఉత్త చేతులతో వచ్చాడు. వాళ్ల ఊరి పర్ధాన్ పెద్దాయన, “ఆ పాట పెన్ ముందర పాడేది, ఫోన్లో పెట్టేది కాదు” అన్నాడట. ఆ అబ్బాయికి తక్కువ మార్కులు వేయలేదు. అడిగి, వద్దంటే ఫోను జేబులో పెట్టుకోవడం కూడా చదువే. మన పాటలను ఎవరెవరో తీసుకుపోయి పేరు లేకుండా వాడుకున్నది చాలు.

తోటి టీచర్లకు నా అనుభవంలో తేలినవి చెబుతాను. పద్దెనిమిది నిమిషాలు వద్దు, మూడు నాలుగు నిమిషాలు చాలు. కష్టమైన మాటలు ముందే బోర్డు మీద రాయండి. రెండుసార్లు వినిపించండి, మధ్యలో ఆపండి. సిగ్నల్ లేకపోతే భయం లేదు. మామూలు నాణ్యతలో పది నిమిషాల ఆడియో ఐదు ఎంబీ లోపే ఉంటుంది, ముందురోజే దించుకోవచ్చు. హాస్టల్లో పిల్లలకు సెల్లు ఇవ్వరు కాబట్టి రికార్డింగు పని సెలవులకే పెట్టండి. పరీక్షల్లో దీనికి మార్కుల్లేవని హెడ్‌మాస్టర్ అంటాడు. నిజమే. అయినా నెలకు రెండు పీరియడ్లు దొరకని బడి ఉండదు.

ఆశ్వయుజ పౌర్ణమికి భీము వర్ధంతి వస్తుంది. ఆలోగా ప్రతి బడిలో పిల్లల చేత, పెద్దల అనుమతితో, ఒక్క రికార్డింగైనా చేయించండి. ఒక కాపీ బడిలో ఉంచండి, ఒకటి ఆ గూడేనికే ఇవ్వండి.